ప్రింటర్ కోసం అప్‌డేట్ తీసేయకండి

శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ నుంచి పాలకొండ రోడ్డు దాకా నేను కంప్యూటర్లు చూసే నెట్ సెంటర్లన్నింటిలో ఏర్పాటు దాదాపు ఒకటే. కౌంటర్ సిస్టంకి యూఎస్‌బీ ప్రింటర్ ఉంటుంది, లోపలి సిస్టంలు దాన్ని షేరింగ్‌లో వాడుకుంటాయి. లోపల కూర్చునేవాళ్లకి అడ్మిన్ హక్కులు లేని స్టాండర్డ్ అకౌంట్ ఇచ్చాం కాబట్టి భయం లేదని యజమానుల ధీమా. ఆ ధీమా నిలబడాలంటే ప్రింట్ స్పూలర్ సంగతి చూడాలి.

ప్రింట్ ఇచ్చిన ఫైళ్లను వరసలో పెట్టి ప్రింటర్‌కి పంపే విండోస్ సర్వీసు అది. అడ్మిన్ అకౌంట్ కన్నా పైనుండే 'సిస్టం' హక్కులతో నడుస్తుంది. 2021లో బయటపడిన ప్రింట్‌నైట్‌మేర్ అనే భద్రతా లోపం (లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2021-34527) ఇక్కడే దెబ్బకొట్టింది. మామూలు అకౌంట్‌లో ఉన్నవాడు డ్రైవర్ (ప్రింటర్‌ని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) పేరుతో తన ఫైలు అందిస్తే, స్పూలర్ దాన్ని తన హక్కులతోనే నడిపేసేది. ఇక ఆ సిస్టంలో జనం ఆధార్ స్కాన్లు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు అన్నీ వాడి చేతిలోనే.

మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది జూలై 6న అత్యవసర ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్, ఇచ్చింది. ఆగస్టు 10 అప్‌డేట్‌తో ప్రింటర్ డ్రైవర్ వెయ్యడం అడ్మిన్‌కే పరిమితం చేసింది. అంతటితో స్పూలర్ లోపాలు ఆగలేదు, 2022 అక్టోబరులోనూ ఒకదానికి ప్యాచ్ వచ్చింది. కాబట్టి ముందు విండోస్ అప్‌డేట్ తెరిచి పెండింగ్ ఉన్నవన్నీ వేసి రీస్టార్ట్ చెయ్యండి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. అదే వాడుతుంటే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదు చేసుకోవాలి, లేదా విండోస్ 11కి మారాలి.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. "బాబూ, అప్‌డేట్ అయిన కాడి నుంచి ప్రింటు రాట్లేదు, తీసెయ్" అంటారు యజమానులు. 2021 సెప్టెంబరు అప్‌డేట్ తర్వాత షేరింగ్ ప్రింటర్ మీద చివర 11బీ అని ఉండే ఎర్రర్ చాలామందికి వచ్చింది. అప్పుడు ఎవరో వీడియో చూసి అప్‌డేట్ తీసేశారు, లేదా విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలో 'ఆర్‌పీసీ ఆథ్ఎన్ లెవెల్ ప్రైవసీ ఎనేబుల్డ్' (RpcAuthnLevelPrivacyEnabled) విలువను సున్నా చేశారు. ప్రింటు వచ్చింది, రక్షణ పోయింది. కౌంటర్ సిస్టంలో ఆ విలువ సున్నా ఉంటే 1 చేసి స్పూలర్‌ని రీస్టార్ట్ చెయ్యండి. మళ్లీ ఎర్రర్ వస్తే, అన్ని సిస్టంలూ ఒకే స్థాయికి అప్‌డేట్ అయ్యాయో లేదో చూసి, లోపలి సిస్టంలలో అడ్మిన్‌గా లాగిన్ అయి డ్రైవర్ మీరే వెయ్యండి. ప్రింటర్‌కి వైఫై గానీ లాన్ పోర్టు గానీ ఉంటే ఐపీ అడ్రస్‌తో నేరుగా కలపండి. నేనైతే ఇదే చేస్తాను, షేరింగ్ గొడవే ఉండదు.

ప్రింటు అవసరం లేని సిస్టంలు కూడా ఉంటాయి. సీసీ కెమెరాలది, అప్లికేషన్లు నింపడానికే పెట్టినవి. వాటిలో సర్వీసెస్ తెరిచి, ప్రింట్ స్పూలర్ మీద డబుల్ క్లిక్ చేసి, స్టాప్ నొక్కి, స్టార్టప్ టైప్‌ని డిసేబుల్డ్ చెయ్యండి. అప్పుడు 'మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్' కూడా పనిచెయ్యదు. హాల్ టికెట్ దాచుకోవాలంటే క్రోమ్‌లోని 'సేవ్ యాజ్ పీడీఎఫ్' సరిపోతుంది.

విండోస్ ప్రో ఎడిషన్ అయితే, సిస్టం నియమాలు పెట్టే గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్ కింద ప్రింటర్స్‌కి వెళ్లి, డ్రైవర్ ఇన్‌స్టలేషన్‌ను అడ్మినిస్ట్రేటర్లకే పరిమితం చేసే సెట్టింగ్‌ని ఎనేబుల్ చెయ్యండి. షేరింగ్ ప్రింటర్ కలిపినప్పుడు డ్రైవర్ దానంతటదే దిగేలా చేసే పాయింట్ అండ్ ప్రింట్ సెట్టింగ్‌ని ఎవరైనా మార్చి ఉంటే, కొత్త డ్రైవర్ వేసేటప్పుడూ, ఉన్నదాన్ని అప్‌డేట్ చేసేటప్పుడూ హెచ్చరిక చూపి అనుమతి అడిగేలా తిరిగి పెట్టండి. హోమ్ ఎడిషన్‌లో ఈ పాలసీ ఎడిటర్ ఉండదు, అక్కడ అప్‌డేట్లే దిక్కు.

చివరగా లోపలి సిస్టంలో స్టాండర్డ్ అకౌంట్‌తో లాగిన్ అయి, ఆ సిస్టంలో లేని కొత్త ప్రింటర్ డ్రైవర్ వెయ్యడానికి ప్రయత్నించండి. అడ్మిన్ పాస్‌వర్డ్ అడగాలి. అడక్కుండా వేసేసుకుంటే పాలసీ దగ్గరికి మళ్లీ వెళ్లండి.