కుక్కలు, పిల్లుల కడుపులో పురుగులు: మాత్రకు ముందు, తర్వాత

మా చెన్నై పెరంబూరు వీధిలో ఎవరి కుక్క నలతగా కనిపించినా ముందు వినిపించే ప్రశ్న "పురుగుల మాత్ర వేశారా?" అన్నదే. వేసేవారు చాలామందే ఉన్నారు. ఏ పురుగుకు వేస్తున్నారో, తమ కుక్క బరువెంతో తెలిసినవారే అరుదు. ఒక నాటు కుక్కనూ రెండు పిల్లులనూ సాకుతున్నదాన్ని కనుక చెబుతున్నాను: ఈ పనిలో మాత్ర మింగించడమే అన్నిటికంటే తేలిక.

ముందు మలం చూడండి. ముక్కు మూసుకునైనా సరే, చూడండి. తెల్లగా, పొడుగ్గా, చుట్టలు చుట్టుకుని కనిపిస్తే అవి ఏలికపాములు. ఒక్కోసారి వాంతిలోనూ పడతాయి. కుక్కపిల్లలకు ఇవి తల్లి గర్భంలోనే సంక్రమిస్తాయి, పిల్లిపిల్లలకు తల్లిపాల ద్వారా వస్తాయి. పక్కటెముకలు బయటపడి పొట్ట మాత్రం ఉబ్బి ఉన్న పిల్లను చూసి "బొద్దుగా ఉంది" అని మురిసిపోయేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

బద్దెపురుగు మొత్తంగా బయటికి రాదు, ముక్కలుగా తెగి పడుతుంది. తోక కింది వెంట్రుకల్లో బియ్యపు గింజల్లా అంటుకుని ఉంటాయి ఆ ముక్కలు. తాజాగా ఉంటే కదులుతాయి, ఎండితే పసుపు రంగుకు తిరిగి రాలిపోతాయి. మా జాజి పడుకునే పాత నూలుచీరను కిటికీ దగ్గర వెలుతురులో దులిపి చూడడం నాకు అలవాటు. ముదురు రంగు గుడ్డ పరిస్తే ఇవి ఇట్టే కనిపిస్తాయి.

కొంకిపురుగులు ప్రమాదకరమైనవి, పైగా మలంలో దాదాపు ఎప్పుడూ కనిపించవు. పేగు గోడకు కరుచుకుని రక్తం తాగుతాయి. మలం నల్లగా, జిగటగా మారుతుంది, కుక్క నీరసపడుతుంది. పై పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. మన నాటు కుక్కల్లో చాలావాటికి చిగుళ్లు నల్లగానే ఉంటాయి కాబట్టి, వాటికి కింది కనురెప్పను కొంచెం లాగి లోపలి రంగు చూడండి. పాలిపోయి ఉంటే ఇంట్లో మాత్రతో సరిపెట్టకుండా ఆ రోజే వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లండి. నెలల పిల్లయితే రక్తహీనతతో ప్రాణం మీదికే రావచ్చు.

పిర్రలు నేలకు రాస్తూ జరిగితే పురుగులేనని అందరూ తీర్మానించేస్తారు. చాలాసార్లు కారణం మలద్వారం పక్కనున్న గ్రంథులు నిండిపోవడమే. దానికి డీవార్మింగ్ మాత్ర ఏమీ చేయదు.

కంటికి ఏమీ కనిపించకపోయినా అనుమానం ఉంటే మలపరీక్ష చేయించండి. తాజా మలం చెంచాడు, మూతున్న శుభ్రమైన సీసాలో, అదే రోజు. ఉప్పునీటి వంటి చిక్కటి ద్రావణంలో కలిపి, పైకి తేలిన గుడ్లను సూక్ష్మదర్శిని కింద చూస్తారు. మన ఊళ్లో వేపేరిలో 1903 నాటి మద్రాసు వెటర్నరీ కళాశాల, దాని ఆసుపత్రి ఉన్నాయి. పొద్దున్నే వెళ్లడం మంచిది.

ఇక మందు. ముందు తూకం. కుక్కను ఎత్తుకుని బరువు యంత్రం మీద నిలబడి, ఆ తర్వాత మీ ఒక్కరి బరువు తీసివేయండి. పిల్లిపిల్లకైతే వంటింటి తూకమే చాలు. ప్రాజిక్వాంటెల్, పైరాంటెల్, ఫెబాంటెల్ కలిసిన కుక్కల మాత్రలు సాధారణంగా పది కిలోలకు ఒకటి, అయినా పెట్టె మీది కొలత చదివే వేయండి. ప్రాజిక్వాంటెల్ బద్దెపురుగులను చంపుతుంది, పైరాంటెల్ ఏలికపాములనూ కొంకిపురుగులనూ. కొరడాలా ఉండే మరో రకం పురుగులకు, అంటే కొరడాపురుగులకు, ఫెన్‌బెండజోల్ అనే మందు కిలోకు 50 మిల్లీగ్రాముల లెక్కన వరుసగా 3 రోజులు ఇప్పిస్తారు. కుక్క మాత్ర విరిచి పిల్లికి వేయకండి, పిల్లులకు వేరే మాత్రలున్నాయి. మనుషుల మాత్రలు అసలే వద్దు. వెల్లుల్లి రసం పోయమని సలహా ఇచ్చే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది, పిల్లులనైతే ఇంకా ఎక్కువగా. వారికి నమస్కారం పెట్టి తప్పించుకోండి.

కుక్కపిల్లలకు రెండో వారం నుంచి, పిల్లిపిల్లలకు మూడో వారం నుంచి మొదలుపెట్టి రెండు వారాలకొకసారి, ఎనిమిది వారాలు దాటాక నెలకొకసారి, ఆరు నెలల తర్వాత మూడు నెలలకొకసారి. పాలిచ్చే తల్లికీ పిల్లలతో పాటే, వైద్యుని అడిగి. ఈ మందులు పేగుల్లోని పెద్ద పురుగులను చంపుతాయే తప్ప ఊపిరితిత్తుల్లోనో కండరాల్లోనో తిరిగే లార్వాలను (పిల్ల పురుగులను) పెద్దగా తాకవు. అందుకే పిల్లలకు మళ్లీ మళ్లీ వేయడం.

బద్దెపురుగు నెల తిరగకుండా మళ్లీ వచ్చిందంటే మాత్రను తిట్టకండి, ఒంటి మీద గెంతే ఫ్లీ పురుగులను వెతకండి. గోకుతూ, నాకుతూ ఆ పురుగును మింగినప్పుడు దాని ఒంట్లో ఉన్న బద్దెపురుగు లార్వా పేగుల్లోకి చేరుతుంది. పరుపులు, గుడ్డలు వేడినీళ్లలో ఉతకాలి. ఫ్లీ పురుగులను చంపేందుకు కుక్కలకు అమ్మే పెర్మెత్రిన్ మందులు పిల్లుల ప్రాణం తీస్తాయి, ఇంట్లో రెండూ ఉన్నవారు ఈ మాట మరవకూడదు. ఎలుకలను వేటాడే పిల్లికీ, పచ్చి మాంసం ముక్కలు తినే కుక్కకూ వేరే రకాల బద్దెపురుగులు వస్తాయి. మాంసం ఉడికించి పెట్టండి.

మిగిలింది నేల. ఏలికపాము గుడ్డు మలంతో బయటపడగానే సోకదు, లోపల లార్వా తయారవడానికి రెండు వారాలైనా పడుతుంది. ఏ రోజు మలం ఆ రోజే తీసేస్తే చాలావరకు ముప్పు అక్కడే ఆగిపోతుంది. వదిలేస్తే ఆ గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. పిల్లల చేతుల ద్వారా నోట్లోకి వెళ్తే కాలేయానికీ కంటికీ చేటు. కొంకిపురుగు లార్వాకు నోరే అవసరం లేదు, తడి ఇసుకలో ఉత్తి కాళ్లతో నడిస్తే చర్మంలోంచి దూరి ఎర్రగా వంకర గీతలు గీస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ఇవి మరీ ఎక్కువ. ఇల్లు కట్టేచోట పోసిన ఇసుక గుట్ట వీధి కుక్కలకు, పిల్లులకు మరుగుదొడ్డి అని గుర్తుంచుకుని పిల్లలను అక్కడ ఆడనివ్వకండి. గుట్ట మీద టార్పాలిన్ కప్పమని మేస్త్రీని అడగండి, కప్పేదాకా అడుగుతూనే ఉండండి.