పని ఓడను సొంత యాట్ (విహార ఓడ)గా మార్చడం: గదుల కన్నా ముందు బరువు లెక్క

అమ్మకానికి వచ్చిన పాత టగ్గునో, ట్రాలర్‌నో, చమురు బావులకు సరుకు మోసిన సప్లై ఓడనో చూడగానే మనసు గదుల మీదికి పోతుంది. పడకలు ఎక్కడ, హాలు ఎక్కడ, కిటికీ ఎంత పెద్దది అని. అదంతా ఆఖరి పని. ముందు తేల్చుకోవలసినవి మూడు: ఓడ ఏ నిబంధనల కిందికి వస్తుంది, దాని ఉక్కు ఎంత మిగిలింది, బరువు ఎక్కడ కూర్చుంది. ఈ మూడూ తేలకుండా వడ్రంగిని ఓడెక్కిస్తే, చేసిన చెక్కపని మళ్లీ ఊడదీయించాల్సి వస్తుంది.

పని ఓడలో ఆశపడదగ్గవి లేకపోలేదు. మందమైన ప్లేటు, లోతైన హల్ (ఓడ ఒడలు), నెమ్మదిగా తిరుగుతూ ఏళ్లకేళ్లు నడిచే ఇంజన్, సముద్రాలు దాటించే ఇంధన ట్యాంకులు. 1969లో మంచు సముద్రాల కోసం కట్టిన టగ్ తర్వాత ‘ఆర్కిటిక్ పీ’ అనే యాట్ అయింది. 2012లో సప్లై ఓడగా పుట్టిన ‘రాగ్నార్’ 2020లో నెదర్లాండ్స్ యార్డు నుంచి యాట్‌గా బయటికొచ్చింది.

ఏ ఓడ కొనాలన్నది చేతిలో ఉన్న పనిని బట్టి. పెద్ద ఓడల్ని లాగే టగ్గుకు అశ్వశక్తి ఎక్కువ, నివాసం తక్కువ. వెనక డెక్ నీటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి అలలు ఎక్కుతాయి. ట్రాలర్ సముద్రాన్ని బాగా తట్టుకుంటుంది, చేపల గది గదులుగా మారుతుంది. సప్లై ఓడ పొడవాటి వెనక డెక్ చిన్న పడవలకూ క్రేనుకూ ఉపయోగపడుతుంది. మొదటిసారి చేసేవారికి మా సలహా: ఇంకా క్లాస్‌లో ఉన్న (ఓడల్ని తనిఖీ చేసి ధ్రువపత్రమిచ్చే సంస్థ లెక్కలో ఉన్న), నడుస్తున్న ఓడనే కొనండి. ఏళ్ల తరబడి కట్టేసి ఉంచిన ఓడ ధర చూసి మోసపోవద్దు.

కాగితాలు, 500 అనే గీత

వ్యాపారం లేకుండా సొంతానికి నడిపే యాట్‌కు, ఓడల భద్రత గురించిన సోలాస్ అంతర్జాతీయ ఒప్పందంలో చాలా భాగం వర్తించదు. కాలుష్యం గురించిన మార్పోల్ మాత్రం వర్తిస్తుంది. డబ్బు తీసుకుని అతిథుల్ని ఎక్కించుకుంటే లెక్క మారుతుంది. రెడ్ ఎన్‌సైన్ జెండాల (బ్రిటన్, దాని అధీన ప్రాంతాల ఓడల జెండాల) కింద 2019 నుంచి అమల్లో ఉన్న యాట్ కోడ్‌లో మొదటి భాగం 12 మంది అతిథుల వరకు, రెండో భాగం 13 నుంచి 36 మంది వరకు. ‘ముందు సొంతానికి, తర్వాత చార్టర్‌కి’ అనుకునేవారు మొదటి రోజు నుంచే కోడ్ ప్రకారం కట్టాలి. మంటను ఆపే గోడలు, తప్పించుకునే రెండో దారి గదులు పూర్తయ్యాక పెట్టేవి కావు.

చాలామంది జారిపడేది గ్రాస్ టన్నేజీ దగ్గర. ఇది బరువు కాదు, మూసి ఉన్న ఖాళీ కొలత. 1700 ఘనమీటర్ల ఓడకు సుమారు 450 వస్తుంది. దాని మీద 10 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తున్న ఒక హాలు కడితే 200 ఘనమీటర్లు కలిసి 504 అవుతుంది. 500 దాటగానే సిబ్బంది అర్హతలూ సర్వేలూ అగ్నిరక్షణా అన్నీ పై మెట్టుకు పోతాయి. అదే హాలును మీటరు తగ్గిస్తే గీత లోపలే ఉండవచ్చు. అందుకే స్కెచ్ దశలోనే నేవల్ ఆర్కిటెక్ట్ చేత టన్నేజీ లెక్క వేయించండి.

ఇంజన్ మార్చే ఆలోచన ఉంటే మార్పోల్ ఆరో అనుబంధం చూడండి. పాతదానిలాంటిదే కాని ఇంజన్ పెడితే, మార్చిన రోజున అమల్లో ఉన్న పొగ నియమాలు వర్తిస్తాయి. బాగున్న పాత ఇంజన్‌ను విప్పి బాగుచేయించుకోవడమే చాలాసార్లు తెలివైన పని.

ఉక్కు

డ్రై డాక్‌లో ఎక్కించకుండా కొనవద్దు. అల్ట్రాసోనిక్ మీటరుతో ప్లేటు మందం కొలిపించండి. మొదటి మందంలో 20–25 శాతం పోయిన ప్లేటు మార్చాల్సిందేనన్నది సాధారణ కొలమానం, ఖచ్చితమైన హద్దు ఆయా క్లాస్ సంస్థది. నీటి గీత దగ్గర, ట్యాంకుల పైభాగాన, లంగరు గొలుసు ఉంచే చెయిన్ లాకర్ అడుగున, స్నానాల గదుల కింద ఎక్కువ పాయింట్లు తీయించాలి. చేపల గది ఉంటే అక్కడ మరీ జాగ్రత్త. చల్లదనం నిలిపేందుకు పెట్టిన ఫోమ్ వెనక నీరు చేరి ఏళ్లుగా తుప్పు తింటూ ఉంటుంది, అడుగున పోసిన సిమెంటు దాన్ని దాచేస్తుంది. ఫోమ్ పూర్తిగా తీయకుండా బయటి నుంచి వెల్డింగ్ చేస్తే లోపల కనపడకుండా నిప్పంటుకుంటుంది. మార్పిడి పనుల్లో ఓడలు కాలిపోవడానికి ఇదొక పెద్ద కారణం. ప్లేటుకు అటువైపు ఏముందో చూసి, నిప్పు కాపలా మనిషిని అక్కడ నిలబెట్టాకే వెల్డింగ్ టార్చ్ వెలిగించాలి.

చిల్లిపడ్డ ప్లేటు మీద ఇంకో ప్లేటు అతికించడం శాశ్వత మరమ్మతు కాదు. చెడ్డ భాగాన్ని కోసి కొత్తది ఇమడ్చాలి. ఆ ముక్క కనీసం 300 × 300 మిల్లీమీటర్లు ఉండాలి, మూలలు కనీసం 100 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా తిరగాలి. చదరంగా కోసిన మూలలోంచే పగులు మొదలవుతుంది. హల్‌లో కొత్త కిటికీలు కోసినప్పుడూ ఇదే సూత్రం.

పాత ఓడల్లో ఆస్బెస్టాస్ ఉందనే అనుకుని మొదలుపెట్టండి. కొత్తగా వాడటాన్ని సోలాస్ 2002 జులైలో కొద్ది మినహాయింపులతో నిషేధించింది, 2011 జనవరి నుంచి పూర్తిగా. ఎగ్జాస్ట్ చుట్టలు, గాస్కెట్లు, గోడ పలకలు, నేల టైల్స్ నమూనాలు తీయించి, లైసెన్స్ ఉన్నవారి చేతే తొలగించాలి. ఇది కొనేముందే తెలిస్తే ధరలో తగ్గించుకోవచ్చు.

తుప్పు తీశాక రంగు వేసేటప్పుడు తొందర వద్దు. ఎస్‌ఏ 2.5 అనే శుభ్రత స్థాయికి ఇసుక దెబ్బ కొట్టిన ఉక్కు, మంచు బిందువు (గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీల సెల్సియస్ వేడిగా ఉండాలి, గాలిలో తేమ 85 శాతం లోపు ఉండాలి. లేకపోతే కంటికి కనపడని తడి మీద రంగు కూర్చుని, ఏడాదికల్లా పొక్కులు లేస్తుంది. యాట్‌లా నున్నగా కనపడాలని హల్ అంతా పుట్టీ పూయించడం మాకు నచ్చదు. 400 చదరపు మీటర్ల మీద సగటున 3 మిల్లీమీటర్లు పూస్తే తేలిక రకమైనా దాదాపు టన్ను బరువు, జెట్టీకి ఒక్కసారి తగిలితే పెచ్చు. పని ఓడ ప్లేటు అలలు కనపడనివ్వండి, అందులో అందం ఉంది.

బరువు, ఊగడం

ఇక్కడే యాట్ బాగుందా, కడుపులో తిప్పుతుందా అన్నది తేలుతుంది. కొన్నప్పుడూ, పని పూర్తయ్యాకా ఇంక్లైనింగ్ పరీక్ష చేయాలి. గాలి లేని రోజున తాళ్లు వదులు చేసి, ట్యాంకులు నిండుగానో ఖాళీగానో ఉంచి, తెలిసిన బరువును డెక్ మీద అడ్డంగా జరిపి ఓడ ఎంత వంగిందో చూస్తారు. ఆ వంపు చూపే తూకపు గుండును దారంతో నూనె బకెట్లో వేలాడదీస్తారు, ఊగకుండా.

ఉదాహరణకు ఓడ 600 టన్నులు, 3 టన్నుల బరువు 6 మీటర్లు జరిపారు, 3 మీటర్ల దారానికి వేలాడిన గుండు 90 మిల్లీమీటర్లు కదిలింది. 90ని 3000తో భాగిస్తే 0.03. మూడు ఆరులు 18. దాన్ని 600 × 0.03, అంటే 18తో భాగిస్తే జీఎం (మెటాసెంట్రిక్ ఎత్తు) సరిగ్గా 1 మీటరు. ఓడ తిరిగి నిలబడే బలానికి ఇదే మొదటి కొలత.

ఇప్పుడు గురుత్వ కేంద్రానికి 7 మీటర్ల ఎత్తున 20 టన్నుల కొత్త గదుల వరుస కట్టారనుకోండి. 140ని 620తో భాగిస్తే కేంద్రం 0.23 మీటరు పైకి లేచింది, జీఎం 0.77 దగ్గరికి దిగింది. రాతి పలకలు, నీటి తొట్టి, క్రేను ఒక్కొక్కటే చేరుతూ పోతే మిగిలేది కొంచెమే. అంతర్జాతీయ స్థిరత్వ కోడ్‌లో జీఎం కనీసం 0.15 మీటరు అని ఉన్నా, దాని మీద ఆధారపడకూడదు. వంగే కొద్దీ బలం ఎంత ఉందో చెప్పే వక్రరేఖ షరతులు అంతకంటే ముందే అడ్డుపడతాయి.

దీనికి రెండో వైపు చాలామందికి తెలియదు. జీఎం మరీ ఎక్కువైనా బాధే. పని ఓడ సరుకుతో నిండేలా గీసినది. సరుకూ వలల యంత్రాలూ తీసేస్తే అది తేలికై, గట్టిగా విదిలించినట్టు ఊగుతుంది. సుమారు లెక్క: వెడల్పును 0.8తో గుణించి, జీఎం వర్గమూలంతో భాగించాలి. 9 మీటర్ల వెడల్పు ఓడకు జీఎం 2.2 అయితే ఒక ఊపు దాదాపు 5 సెకన్లు, 0.8 అయితే 8 సెకన్లు. ఐదు సెకన్ల ఓడలో టీ కప్పు బల్ల మీద నిలవదు. అలాగని జీఎం తగ్గుతుందేమోనని భయపడి అడుగున సీసం నింపకండి, ముందు లెక్క వేయించండి. బ్యాలస్ట్ (ఓడ అడుగున పెట్టే బరువు) అవసరమైతే ఊడదీయగల ఉక్కు దిమ్మలే పెట్టండి. కాంక్రీటు పోస్తే కింద ప్లేటు మళ్లీ కనపడదు.

ఊపు తగ్గించేందుకు బిల్జ్ కీల్స్ (హల్ అడుగున రెండు పక్కలా అతికే పొడవాటి పలకలు) చవకైనవి, నమ్మకమైనవి. లంగరు వేసి నిలబడ్డప్పుడు కూడా పనిచేసే ఫిన్లు (హల్ పక్కన కదిలే రెక్కలు) ఖర్చుతో కూడినవి. బోర్డు అంచున ఉండే నీరుపోయే తూములను టేకు పలకలతోనో పూలతొట్లతోనో మూయకండి. అల ఎక్కిన డెక్ మీద నీరు నిలిచిపోతే, అది బరువే కాకుండా ఇటూ అటూ పరుగెత్తుతుంది.

చప్పుడు, కరెంటు, నీళ్లు

టగ్గులో నిద్రపోయినవాడికి మొదటి రాత్రే అర్థమవుతుంది, చప్పుడు గాలిలో కాక ఉక్కులో ప్రయాణిస్తుందని. నేలను డెక్‌కు తగలకుండా మినరల్ ఊల్ మీద తేలనివ్వాలి, గోడ పలకలు మెత్తటి పట్టీల మీద నిలబడాలి. తేలే నేలలోంచి డెక్‌లోకి దిగిన ఒక్క స్క్రూ చాలు, ఆ గది అంతా మోగుతుంది. గోడకు తగులుతూ పోయే పైపూ అంతే. పలకలు మూసేముందు ప్రతి గదినీ ఒకసారి టార్చ్ లైటుతో వెతకండి.

జనరేటర్లు పెద్దవైతే మంచిదనుకోవద్దు. 200 కిలోవాట్ల యంత్రం రాత్రంతా ఏసీకి, ఫ్రిజ్‌కి 40 కిలోవాట్లే ఇస్తే అది 20 శాతం లోడు. డీజిల్ 30 శాతం కంటే తక్కువలో గంటల తరబడి తిరిగితే సిలిండర్ గోడలు నున్నబడి, కాలని నూనె ఎగ్జాస్ట్‌లో చేరుతుంది. రాత్రి కోసం 60 కిలోవాట్లది ఒకటి అదనంగా పెట్టండి.

12 మంది అతిథులు, 8 మంది సిబ్బంది ఉంటే మనిషికి 200 లీటర్ల చొప్పున రోజుకు 4 టన్నుల మంచినీళ్లు. పని ఓడ ట్యాంకులు దీనికి సరిపోవు, నీళ్లు తయారుచేసే యంత్రం కావాలి. వ్యాక్యూమ్ టాయిలెట్ సుమారు లీటరుతో సరిపెడుతుంది. మార్పోల్ ప్రకారం శుద్ధి చేయని మురుగు 12 నాటికల్ మైళ్ల అవతలే, అదీ కనీసం 4 నాట్ల వేగంతో పోతూ వదలాలి. ప్రశాంతమైన బేలో వారం ఉండాలంటే ట్యాంకు దానికి తగ్గట్టు ఉండాలి.

ఇవన్నీ తేలాక చెక్కపని. ప్రతి సామాను తూకం వేసి, ఎక్కడ పెట్టారో ఎత్తుతో సహా పుస్తకంలో రాయండి. చివరి ఇంక్లైనింగ్ పరీక్షలో వచ్చిన అంకెకూ ఈ పుస్తకానికీ రెండు శాతం మించి తేడా ఉంటే ఎవరో ఏదో రాయలేదని అర్థం. అది దొరికేదాకా సముద్ర పరీక్షకు బయలుదేరకండి.