ఎలక్ట్రాన్ అని ఉంటే ముందు ప్రోటాన్ అనుకోండి

ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్, ఈఏపీసెట్‌కి (పాత ఎంసెట్) చదివేవాళ్లకు ఒక మాట. ఫ్లెమింగ్ ఎడమచేతి నియమం అందరికీ వచ్చు, చూపుడు వేలు అయస్కాంత క్షేత్రం, మధ్య వేలు కరెంటు, బొటనవేలు బలం. మార్కు పోయేది ఎలక్ట్రాన్ దగ్గరే. దానిది రుణావేశం, కాబట్టి కరెంటు దిశ అది పోయే వైపుకి ఎదురు.

క్షేత్రం కాగితంలోకి, ఎలక్ట్రాన్ కుడివైపుకి అనుకోండి. మధ్య వేలిని ఎడమకి తిప్పబోతే మణికట్టు మెలిపడి, టెన్షన్‌లో ఏ వేలు ఏదో తెలీకుండా పోతుంది. అలా వద్దు. ప్రోటాన్ అనుకుని చూపుడు వేలిని కాగితం మీద గుచ్చినట్టు పెట్టండి, మధ్య వేలు కుడికి, బొటనవేలు హాయిగా పేజీ పైవైపుకి చూపిస్తుంది. ఇప్పుడు జవాబుని తిరగేయండి: కిందికి. అంతే.

ఎడమచేత్తో రాసేవాళ్లు పెన్ను కింద పెట్టి మరీ చూడండి, లేకపోతే ఖాళీగా ఉన్న కుడిచెయ్యే లేస్తుంది, జవాబు తారుమారవుతుంది.

తీగ లెక్కల్లో ముందు కోణం చూడండి. 0.5 టెస్లా క్షేత్రానికి లంబంగా 10 సెంటీమీటర్ల తీగలో 2 ఆంపియర్లు పోతే బలం 0.1 న్యూటన్, అదే తీగ క్షేత్రానికి సమాంతరంగా ఉంటే సున్నా, అప్పుడు వేళ్లతో పనే లేదు.