మైళ్లు ఎవరి ఖాతాలో పడుతున్నాయో చూసుకున్నారా?

వేసవిలో పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే పెద్దవాళ్లు మన నెల్లూరులో చాలామందే. విమానంలో తిరిగినందుకు విమాన సంస్థ ఖాతాలో వేసే పాయింట్లే మైళ్లు; తర్వాత టికెట్లకు వాడుకోవచ్చు. చెన్నై ఎయిర్‌పోర్టుకు కారెక్కకముందే ఇవి చూసుకోండి.

• టికెట్ మీద ఉన్న ఫ్రీక్వెంట్ ఫ్లయర్ నంబరు (మైళ్లు పడే ఖాతా నంబరు) ఎవరిది? ఒక ప్రయాణానికి మైళ్లు ఒక్క ఖాతాలోనే పడతాయి. పడ్డాక మార్పించాలంటే తలప్రాణం తోకకొస్తుంది. మా నాన్న టికెట్ నా లాగిన్‌తో బుక్ చేస్తే నా నంబరే ఎక్కి కూర్చుంది. ఇద్దరికీ ఇంటిపేరూ, మొదటి అక్షరమూ ఒకటే. చెకిన్ కౌంటర్లో బోర్డింగ్ పాస్ చేతికిచ్చాక గానీ చూసుకోలేదు. అక్కడే మార్పించాం కాబట్టి సరిపోయింది.

• టికెట్ డబ్బు కట్టినవాళ్లకు కాదు, మామూలుగా సీట్లో కూర్చున్నవాళ్లకే మైళ్లు. అమ్మకూ నాన్నకూ వేర్వేరు ఖాతాలు తెరవండి.

• పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేర్లతోనే తంటా అంతా.

• ఏ ఖాతాలో వేయాలో ముందే తేల్చుకోండి. ఎయిరిండియా, యునైటెడ్, లుఫ్తాన్సా మూడూ స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలోవే. ఒకదాంట్లో ఎక్కి, ఇంకోదాని ఖాతాలో వేయించుకోవచ్చు. అయితే చవక టికెట్లకు కొన్నిసార్లు అసలు పడవు.

• మైళ్లు పడేదాకా బోర్డింగ్ పాస్ పారేయొద్దు. పడకపోతే అడిగేది దాన్నే. అలా అడగడానికి గడువు కూడా ఉంటుంది.