స్టెరాయిడ్ స్ప్రే వాడుతున్నా ముక్కు దిబ్బడ తగ్గకపోతే: లక్షణం, కారణం, పరిష్కారం

ముక్కు అలర్జీకి వైద్యులు రాసిన స్ప్రేను మూడు రోజులు వాడి, గుణం కనిపించలేదని పక్కన పెట్టేసేవారు చాలామంది ఉంటారు. ఇలాంటప్పుడు తప్పు మందులో కన్నా దాన్ని వాడే తీరులోనే ఎక్కువగా ఉంటుంది కాబట్టి, మందు మార్చమని అడిగే ముందు కింది సమస్యల్లో మీది ఏదో చూసుకోవడం మంచిది.

రెండు మూడు రోజులు వాడినా తేడా లేదు

కారణం తెలియాలంటే ముక్కు లోపల ఏం జరుగుతోందో కొంత తెలియాలి. అలర్జీ ఉన్నవారి ముక్కు పొరలోని మాస్ట్ కణాలు అనే రక్షణ కణాలకు పుప్పొడి గానీ, ఇంటి ధూళిలోని సూక్ష్మ కీటకాల వ్యర్థాలు గానీ తగిలిన కొద్ది నిమిషాల్లోనే హిస్టమిన్ అనే రసాయనం విడుదలై తుమ్ములు, దురద, నీళ్లు కారడం మొదలవుతాయి. అంతటితో ఆగకుండా, నాలుగు నుంచి ఎనిమిది గంటల తరువాత ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి, పొర అంతా వాచి, గాలి ఆడని దిబ్బడ ఏర్పడుతుంది. యాంటీహిస్టమిన్ మాత్రలు తుమ్ములను, దురదను బాగానే ఆపుతాయి గానీ ఈ వాపు మీద వాటి ప్రభావం తక్కువ. స్టెరాయిడ్ మాత్రం కణం లోపలికి చేరి, వాపును పుట్టించే పదార్థాల తయారీనే తగ్గిస్తుంది. అప్పటికే చేరిన వాపు దిగడానికి సమయం పడుతుంది కనుక, కొందరికి మొదటి రోజే కాస్త తేలికగా అనిపించినా, పూర్తి ఫలితం తెలియడానికి రెండు వారాల దాకా పట్టవచ్చు.

అందుకని తుమ్ములు వచ్చిన రోజు వాడి, రాని రోజు మానడం ఈ మందుకు నప్పదు. లక్షణాలు తరచూ ఉండేవారు రోజూ ఒకే వేళకు వాడాలి. ఏటా ఒకే కాలంలో అలర్జీ వచ్చేవారు ఆ కాలానికి ఒకటి రెండు వారాల ముందే మొదలుపెడితే వాపు ముదరకుండా ఉంటుంది.

మందు గొంతులోకి జారుతోంది, నోట్లో రుచి తెలుస్తోంది

తల వెనక్కి వాల్చి, స్ప్రే కొట్టగానే గట్టిగా ఎగపీల్చడమే దీనికి కారణం. గొంతులో దిగిన మందు ముక్కుకు పనికిరాదు. ఈ ఒక్క పొరపాటు సరిదిద్దుకుంటే చాలామందికి సగం సమస్య తీరిపోతుందని నా నమ్మకం.

ముందుగా ముక్కు మెల్లగా చీదుకొని, సీసాను బాగా కుదపాలి. తలను కొద్దిగా ముందుకు వంచి, కుడి ముక్కు రంధ్రానికి ఎడమ చేతితోను, ఎడమ రంధ్రానికి కుడి చేతితోను పట్టుకోవాలి. అలా పట్టుకుంటే నాజిల్ కొన దానంతటదే ముక్కు మధ్య గోడకు దూరంగా, అదే వైపు కంటి బయటి కొస దిక్కుకు తిరుగుతుంది. అద్దం ముందు నిలబడి ఒకసారి చూసుకుంటే ఈ కోణం స్పష్టంగా తెలుస్తుంది. నొక్కేటప్పుడు పూల వాసన చూసినంత మెల్లగా మాత్రమే గాలి పీల్చి, నోటి ద్వారా వదలాలి. ఆ తరువాత పది, పదిహేను నిమిషాలు ముక్కు చీదకూడదు.

ముక్కు నిండా చీమిడి ఉంటే మందు పొరను తాకదు. అటువంటప్పుడు కాచి చల్లార్చిన నీటితో చేసిన ఉప్పునీటితో ముక్కు కడుక్కొని, కొంతసేపు ఆగి స్ప్రే వాడాలి.

ముక్కు ఎండిపోయి రక్తపు చారలు కనిపిస్తున్నాయి

ముక్కు మధ్య గోడ ముందు భాగంలో సన్నని రక్తనాళాలు పొరకు అతి దగ్గరగా ఉంటాయి. స్ప్రే ధార రోజూ అక్కడే తగిలితే పొర పలచబడి రక్తం వస్తుంది. కొన్ని రోజులు స్ప్రే ఆపి, ఉప్పునీటి స్ప్రేతో ముక్కును తడిగా ఉంచి, పైన చెప్పిన కోణంలో తిరిగి మొదలుపెడితే సాధారణంగా సర్దుకుంటుంది. రక్తం మళ్లీ మళ్లీ వస్తున్నా, పక్కులు కడుతున్నా వైద్యులు ముక్కు లోపల చూడవలసిందే.

స్ప్రే సరిగా రావడం లేదు

కొత్త సీసా అయినా, కొన్నాళ్లు వాడకుండా ఉంచినదైనా, సన్నని తుంపర వచ్చే దాకా గాలిలోకి కొన్నిసార్లు నొక్కాలి. నాజిల్ కొనపై తెల్లగా మందు గడ్డకడితే దాన్ని ఊడదీసి గోరువెచ్చని నీటిలో కడిగి ఆరబెట్టాలి. పిన్నుతో పొడవకూడదు, రంధ్రం పెద్దదైతే మోతాదు మారిపోతుంది.

మరో స్ప్రే కొట్టగానే ముక్కు తెరుచుకుంటుంది, కొన్ని గంటలకే మళ్లీ మూసుకుపోతుంది

అది ఆక్సీమెటజోలిన్ లేదా జైలోమెటజోలిన్ రకం మందు అయి ఉంటుంది. అవి రక్తనాళాలను బిగించి తక్షణ ఉపశమనం ఇస్తాయి గానీ, మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడితే మందు ప్రభావం దిగగానే నాళాలు మునుపటికన్నా ఎక్కువగా ఉబ్బుతాయి, మనిషి ఆ సీసాను వదలలేని స్థితికి వస్తాడు. ఆ మందు మానితేనే ఇది నయమవుతుంది. మానిన తొలి రోజులు కష్టంగానే గడుస్తాయి కాబట్టి, వైద్యుల సలహాతో స్టెరాయిడ్ స్ప్రే తోడుగా పెట్టుకొని మానడం మేలు.

స్టెరాయిడ్ అన్న మాటకే భయం వేసి మానేశారు

ఈ భయం అర్థం చేసుకోదగినదే. అయితే నోటి ద్వారా రోజుల తరబడి తీసుకునే స్టెరాయిడ్ మాత్రలకు, ముక్కులో మైక్రోగ్రాముల లెక్కన వాడే స్ప్రేకు చాలా తేడా ఉంది. మొమెటసోన్, ఫ్లూటికసోన్ స్ప్రేల నుంచి రక్తంలో చేరేది అత్యల్పం. అయినా గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు), శుక్లాలు ఉన్నవారు, ముక్కుకు ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, హెచ్ఐవీ చికిత్సలో వాడే రిటోనవిర్ వంటి మందు తీసుకుంటున్నవారు ఆ విషయం ముందే వైద్యులకు చెప్పాలి. పిల్లలకు దీర్ఘకాలం వాడితే ఎత్తు పెరుగుదలను గమనిస్తూ, పనిచేసే అత్యల్ప మోతాదుకే పరిమితం కావాలి.

అన్నీ సరిగా చేసినా తగ్గలేదు

నెల రోజులు పద్ధతిగా వాడినా గుణం లేకపోతే తిరిగి వైద్యులను కలవాలి. అజెలాస్టిన్ అనే యాంటీహిస్టమిన్ కలిసిన స్ప్రే ఇవ్వడమో, అలర్జీ పరీక్ష చేయించడమో అవసరం కావచ్చు. ముక్కులో కండ పెరగడం, మధ్య గోడ వంకరగా ఉండడం వంటివి కూడా ఇలాగే దిబ్బడ కలిగిస్తాయి. ఒక్క వైపే ఎప్పుడూ మూసుకుపోవడం, ఆ వైపు నుంచే రక్తం లేదా దుర్వాసనతో స్రావం రావడం, కంటి చుట్టూ వాపు, జ్వరంతో కూడిన ముఖం నొప్పి అలర్జీ లక్షణాలు కావు. చిన్నపిల్లల్లో ఒకే ముక్కు నుంచి దుర్వాసన వస్తుంటే ఏ పూసో, గింజో లోపల ఇరుక్కొని ఉండవచ్చు. దాన్ని ఇంట్లో తీసే ప్రయత్నం చేయకుండా వెంటనే ముక్కు వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లాలి.