పెద్ద సంస్థల మెంటారింగ్‌కు చిన్న పరిశ్రమ ఎలా సిద్ధం కావాలి?

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డుకో, గుంటూరులో కారం మిల్లుకో ఏటా ఆర్డర్లు పెరుగుతూనే ఉన్నా, యజమాని చేతిలో మిగిలేది మాత్రం పెరగకపోవడం మన ప్రాంతంలో చాలామందికి అనుభవమే. పెద్ద సంస్థల్లో కొనుగోళ్లు, ఉత్పత్తి, ఆర్థిక విభాగాలు చూసినవారు కొన్ని నెలలపాటు వెంట ఉండి దారి చూపే మెంటారింగ్ కార్యక్రమాలు ఇలాంటి చోట నిజంగా ఉపకరిస్తాయి. అయితే వాటి ఫలితం మెంటార్ హోదా కంటే, మనం ఆయన ముందు ఏ లెక్కలు పెట్టామో, ఏ ప్రశ్న అడిగామో అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుందని నా నమ్మకం.

ముందుగా మనకు తగిన కార్యక్రమం ఏదో చూసుకోవాలి. వాహన కంపెనీలు తమకు విడిభాగాలు సరఫరా చేసే యూనిట్లకు ఇచ్చే శిక్షణ ఒక రకం. అక్మా, సీఐఐ వంటి పారిశ్రామిక సంఘాలు కొన్ని యూనిట్లను ఒక క్లస్టర్‌గా చేర్చి నడిపేవి మరో రకం. గోల్డ్‌మన్ శాక్స్ 2008లో ప్రారంభించిన ‘10,000 విమెన్’ మహిళా వ్యాపారులకు ఉద్దేశించినది. 2025లో మంగళగిరిలో ప్రారంభమైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రధానంగా స్టార్టప్‌ల కోసం. ఇప్పటికే నడుస్తున్న షెడ్డుకు మాత్రం క్లస్టర్ పద్ధతే మేలని నేను అనుకుంటాను, ఎందుకంటే సాటి యజమాని చేసిన మార్పును అక్కడ కళ్లారా చూడవచ్చు.

దరఖాస్తుకు ముందే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల కోసం కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్‌లో చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ పూర్తిచేసుకోవాలి. 2020 జూలై 1న మొదలైన ఈ నమోదు పూర్తిగా ఉచితం కాబట్టి ఎవరికీ రుసుము ఇవ్వనక్కరలేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి, యంత్రాలపై పెట్టుబడి 2.5 కోట్ల రూపాయలు, టర్నోవర్ 10 కోట్లు మించని యూనిట్ సూక్ష్మ పరిశ్రమ అవుతుంది. 25 కోట్లు, 100 కోట్ల వరకు చిన్న పరిశ్రమ.

ఆ తరువాత గడచిన 12 నెలల కొనుగోళ్లు, అమ్మకాలు, ఎవరి బకాయి ఎన్ని రోజులుగా ఆగి ఉందో ఒక్క కాగితం మీదికి తేవాలి. కారం మిల్లుకు ఒకటి రెండు నెలల లెక్క సరిపోదు. కొత్త పంట యార్డుకు వచ్చే నెలల్లో కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టిన టిక్కీలకు (మిర్చి బస్తాలకు) అద్దె, ఆ పెట్టుబడికి వడ్డీ, తొడిమలు తీయడంలో, తాలు కాయలు ఏరడంలో పోయే తూకం కలుపుకుంటేనే కిలో కారం అసలు ఖరీదు తేలుతుంది. ఇంటి ఖర్చు, మిల్లు ఖర్చు ఒకే ఖాతాలో నడుస్తుంటే ఈ కాగితం తయారుకాదు; ముందు ఆ రెండింటినీ వేరు చేయాలి.

ఇక ప్రశ్న. ‘వ్యాపారం ఎలా పెంచుకోవాలి?’ అని అడిగితే మంచి ఉపన్యాసం దొరుకుతుంది, అంతకుమించి ఏమీ దొరకదు. ఒక బాడీ పూర్తికావడానికి మొత్తం ఎన్ని రోజులు పడుతోంది, అందులో నిజంగా పని జరిగిన రోజులెన్ని, రేకు కోసమో, పెయింటు కోసమో, లారీ యజమాని ఇవ్వాల్సిన అడ్వాన్సు కోసమో ఆగిన రోజులెన్ని అని రాసి, ‘ఈ ఆగిన రోజులను ఎలా తగ్గించాలి?’ అని అడగాలి. యూరప్‌కు మిర్చి పంపాలనుకునేవారి ప్రశ్న వేరు. అక్కడ మిరపలో అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు మించకూడదు. తేమ మిగిలిన కాయకు పట్టే బూజు వల్ల పుట్టే ఆ విషం మిల్లులో ఎంత శ్రద్ధగా ఆడించినా పోదు. అందువల్ల రైతు కల్లంలో కాయ ఎలా ఆరుతోంది, కొనేటప్పుడు తేమ కొలుస్తున్నామా అన్న దగ్గర నుంచే మెంటార్‌ను చూడమనాలి.

మొదటి సమావేశాన్ని హోటల్లోనో, ఫోన్‌లోనో పెట్టుకోకండి. ‘సార్, మా షెడ్డుకే రండి, మేస్త్రి కూడా ఉంటాడు’ అని అడగండి, ఎందుకంటే యజమానికి తెలియని జాప్యాలు మేస్త్రికి తెలుస్తాయి. చెప్పిన సలహాలన్నీ ఒకేసారి అమలు చేస్తే ఏది పనిచేసిందో అర్థం కాదు. ఒక మార్పు ఎంచుకుని, నెల రోజులు నడిపి, ముందూ తరువాతా అంకెలు రాసుకుని మళ్లీ కూర్చోవాలి.

మెంటార్ పనిచేసే కంపెనీయే మన సరుకు కొంటుంటే మరింత జాగ్రత్త అవసరం. మన ఖర్చుల వివరాలు ఆ కంపెనీ కొనుగోలు విభాగానికి చేరవని ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. చెల్లింపు గడువు అడగడానికి మొహమాటపడకూడదు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న పరిశ్రమల సరుకు అందుకున్న కొనుగోలుదారు, ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా, లేకుంటే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. కొని అమ్మే వ్యాపారులకు ఉద్యం నమోదు ఉన్నా ఈ రక్షణ వర్తించదు. తయారీ, సేవా యూనిట్లకే వర్తిస్తుంది. కాబట్టి కార్యక్రమం ఇంకా నడుస్తుండగానే, ప్రతి బిల్లుపైనా ఉద్యం సంఖ్యను, చెల్లింపు గడువు తేదీని ముద్రించడం మొదలుపెట్టండి.