ఎన్నికల ప్రచారానికి ఇంటింటికీ పంపే ముందు: పార్టీ కార్యకర్తల విషయంలో జాగ్రత్తలు

☐ పిలుపు దగ్గరే జాగ్రత్త. ‘వాలంటీర్‌ని’ అంటే తిరుపతి జీవకోనలో అవ్వలు ‘పింఛను తెచ్చినావా నాయనా?’ అంటారు. అప్పట్లో ఇంటింటికీ పింఛన్లు ఇచ్చిన ప్రభుత్వ వాలంటీర్లను 2024లో ఎన్నికల సంఘం ఆ పనికి దూరం పెట్టిన గొడవ జనానికి గుర్తుంది. ‘కార్యకర్త’ అంటే చాలు.

☐ ఏ వీధికి ఆ వీధి మనిషే. నగరి, సత్యవేడు వైపైతే తమిళం కూడా రావాలి.

☐ కొత్త ఓటుకు ఫారం 6, తప్పుల సవరణకు ఫారం 8. తేడా ముందే చెప్పండి.

☐ ఎండ. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మే నెలైతే ఉదయం 7 నుంచి 10 వరకు, మళ్లీ సాయంత్రం 5 తర్వాతే. సంచిలో మజ్జిగ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, టోపీ. కళ్లు తిరుగుతున్నా చెప్పని కుర్రాళ్లుంటారు, అందుకే ఇద్దరిద్దరుగా పంపండి. టిఫిన్, బస్సు చార్జీలు ఏ రోజువి ఆ రోజే ఇచ్చి లెక్క రాయండి. బాకీ పెడితే మూడో రోజు ఫోన్ ఎత్తరు.

☐ తిరుమల కొండ మీద కండువా, కరపత్రం, నినాదం ఏవీ వద్దు.

☐ పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందే ప్రచారం బంద్. పోలింగ్ రోజు కేంద్రానికి 100 మీటర్ల లోపల ఓటు అడగకూడదు. పార్టీ పంచే ఓటరు స్లిప్పులు తెల్ల కాగితం మీదే, గుర్తు, అభ్యర్థి పేరు లేకుండా.